దుమ్ములో క్రాంక్ సీలు

రాయ్‌పూర్ ఉత్తరపు అంచున, బిర్‌గావ్‌ను ఆనుకుని ఉర్లా పారిశ్రామికవాడ ఉంది. రోలింగ్ మిల్లులు, ఇండక్షన్ ఫర్నేసులు, స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు, వాటికి బొగ్గూ ఖనిజమూ మోసే లారీలు. ఆ పైన సిల్తరా, అక్కడా ఇదే వరస. మేడల మీద నల్లపొడి పేరుకోవడం రాయ్‌పూర్ పత్రికల్లో ఏళ్ల తరబడి నలుగుతున్న సంగతి. ఈ వాడలో రోజూ తిరిగే కారును ర్యాంపు మీదికి ఎక్కించి కింద నిలబడి చూడండి. పొడిగా ఉన్నచోట దుమ్ము తుడిస్తే రాలిపోతుంది. నూనె తడి తగిలినచోట రాలదు. నల్లటి ముద్దై, గోటితో గీకితే తప్ప వదలనంతగా అంటుకుని ఉంటుంది. ఆ ముద్ద ఎక్కడ మందంగా ఉందో, ఏ వైపుకు పలచబడుతూ పోయిందో చూస్తే నూనె నడిచిన దారి తెలుస్తుంది.

చాలాసార్లు ఆ దారి ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ కలిసేచోట మొదలవుతుంది. మిస్త్రీ లైటు వేసి చూసి "రేర్ సీలు పోయింది సార్, గేర్‌బాక్స్ దించాలి" అంటాడు. సీలు ఖరీదు వందల్లో ఉంటుంది, దించి ఎక్కించే కూలి వేలల్లో ఉంటుంది. అంత చిన్న వస్తువుకు అంత పెద్ద పని ఎందుకో తెలియాలంటే అది ఎక్కడ కూర్చుంటుందో, ఏం చేస్తుందో చూడాలి.

ఇంజన్ ఎంత బిగుతుగా కట్టినా దానికి రెండు పెద్ద కన్నాలు తప్పవు. పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ లోపలే తిరిగి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ముందువైపు అది బయటికి వచ్చి పుల్లీని తిప్పాలి, వెనకవైపు బయటికి వచ్చి ఫ్లైవీల్‌ను మోయాలి. లోపల వంద డిగ్రీలకు అటూ ఇటూగా కాగిన నూనె చినుకులై, ఆవిరై ఎగురుతూ ఉంటుంది. బయట దుమ్ము. షాఫ్టు ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, లోపలిది బయటికి రాకూడదు, బయటిది లోపలికి పోకూడదు. ఈ పని చేసేది చేతి గాజంత చుట్టు ఉండే ఒక రబ్బరు రింగు.

ఇరుసు తిరిగేచోట కందెన నిలపడం బండి చక్రం నాటి సమస్య. ఎద్దుబండికి ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పూసేవారు. దాన్ని ఆపే సీలేమీ లేదు. కారిపోయినంత కారిపోయేది, దుమ్ము పట్టినంత పట్టేది, మళ్లీ పూసేవారు. మోటారు కార్లు వచ్చాక కూడా చాలాకాలం ఇంచుమించు ఇదే పద్ధతి. మన అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్ 1489 సీసీ, బ్రిటిష్ బీఎంసీ బి-సిరీస్ కుటుంబానిది. ఆ కుటుంబంలోని మూడు బేరింగుల క్రాంక్‌లకు వెనకవైపు రబ్బరు సీలు ఉండేది కాదు. షాఫ్టు మీదే మర వంటి గాడి చెక్కేవారు. షాఫ్టు తిరిగినంతసేపూ ఆ మర నూనెను వెనక్కి, లోపలికి తోసేది. ఇంజన్ ఆపగానే తోయడం ఆగిపోయేది, దగ్గర్లో ఉన్న నూనె మెల్లగా బయటికి జారేది. అంబాసిడర్ నిలిపిన చోట నేలమీద మరక పడిందంటే బండిలో తప్పు ఉన్నట్టు కాదు, దాని తయారీయే అంత. కొన్ని ఇంజన్లలో మర గాడికి బదులు గ్రాఫైటు దట్టించిన ఆస్బెస్టాస్ తాడును షాఫ్టు చుట్టూ బిగించేవారు. అవీ చెమర్చేవే.

ఇప్పటి సీలుకు మూలపురుషుడు తోళ్ల వ్యాపారంలో పుట్టాడంటే వింతగా ఉంటుంది. జర్మనీలో వైన్‌హైమ్ ఊళ్లో ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1849 నుంచి తోళ్లు ఊనే పని చేసేది. 1929లో అక్కడి ఇంజనీరు వాల్టర్ సిమ్మర్ తోలు పట్టీని రేకు డబ్బీలో బిగించి షాఫ్టు సీలు తయారుచేశాడు. ఆయన పేరుమీదే అది సిమ్మరింగ్ అయింది. అప్పటికి మెత్తగా, వంగేలా, నూనెకు తట్టుకునేలా దొరికే పదార్థం తోలే. మామూలు రబ్బరు నూనెలో ఉబ్బి పాడైపోయేది. నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు జర్మన్ రసాయనశాలల్లో తయారయ్యాక, 1936లో అదే సంస్థ తోలు తీసేసి రబ్బరు అంచు పెట్టింది. అప్పటి నుంచి ఆకారం పెద్దగా మారలేదు. మారుతూ వచ్చింది రబ్బరే. నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది. పాలీఅక్రిలేట్ నూటయాభై దాకా ఓర్చుకుంటుంది. డ్యూపాంట్ 1957లో వైటాన్ పేరుతో అమ్మకానికి తెచ్చిన ఫ్లోరిన్ రబ్బరు రెండు వందలను తట్టుకుంటుంది. అంగడిలో ఒకే కొలతకు నల్ల సీలూ గోధుమరంగు సీలూ రెండు ధరల్లో కనిపిస్తే తేడా ఎక్కువగా ఈ పదార్థంలోనే ఉంటుంది. అయితే రంగు హామీ కాదు. ఏ రబ్బరుకైనా ఏ రంగైనా వేయవచ్చు.

కొత్త సీలు ఒకటి చేతిలోకి తీసుకోండి. ఒకవైపు ముఖం మీద మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 35 50 8 అని ఉంటే షాఫ్టు 35 మిల్లీమీటర్లు, అది కూర్చునే రంధ్రం 50, మందం 8. కొన్నిటి మీద బాణం గుర్తు ఉంటుంది, షాఫ్టు తిరిగే దిక్కు అది. రెండోవైపు తిప్పితే లోపలి అంచు వెనక గాడిలో వేలికొసకు గరగరలాడే సన్నని స్ప్రింగు చుట్ట తగులుతుంది. రబ్బరు పాతబడి పట్టు సడలినా అంచును షాఫ్టు మీద నొక్కి ఉంచే పని దానిది. స్ప్రింగు కనిపించే ఈ వైపు నూనె ఉండే వైపు. అంచును ఇంకొంచెం దగ్గరగా చూస్తే రెండు వాలులు కలిసిన కొసలా ఉంటుంది, నూనె వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా. బయటివైపు మరో చిన్న అంచు ఉంటే అది దుమ్ము ఆపడానికి.

ఈ వాలుల తేడాలోనే సీలు గుట్టు ఉంది. అంచు షాఫ్టును గట్టిగా కరుచుకుని నూనెను ఆపుతుందని అనుకోవడం సహజం. నిజంగా అలా కరుచుకుంటే కొద్దిసేపట్లోనే మాడిపోతుంది. 1957లో బ్రిటన్‌లో జాగర్ అనే పరిశోధకుడు చూపించింది ఇదే: నడుస్తున్న సీలు అంచుకూ షాఫ్టుకూ మధ్య నూనె పొర ఉంటుంది, రబ్బరు ఆ పొర మీద తేలుతూ ఉంటుంది. పొర మందం మైక్రాన్‌కు అటూ ఇటూ. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుచేసుకుంటే ఎంత సన్నమో తెలుస్తుంది. మరి పొర ఉన్నప్పుడు నూనె దాని గుండా బయటికి ఎందుకు రాదు? దీనికి సంతృప్తికరమైన జవాబు దొరకడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. కొత్త సీలు మొదటి కొద్ది గంటల్లో అరిగి, అంచు మీద కంటికి కనిపించని గరుకు ఏర్పడుతుంది. షాఫ్టు తిరుగుతూ ఆ గరుకును తన దిక్కుకు లాగుతుంది. నూనె వైపు వాలు నిటారు కాబట్టి ఒత్తిడి ఎక్కువగా ఉండే గీత ఆ వైపుకే జరిగి ఉంటుంది. దానితో గరుకు రెండువైపులా ఒకే తీరున వంగదు. వంగిన ఆ సూక్ష్మమైన మిట్టలన్నీ కలిసి గాలి వైపు నుంచి నూనె వైపుకు తోసే చిన్న పంపవుతాయి. ప్రయోగశాలలో నడుస్తున్న సీలుకు గాలి వైపున కొలిచిన నూనె వేస్తే అది లోపలికి లాక్కుంటుంది. అదే సీలును తిరగేసి బిగిస్తే పంపు దిక్కు మారి ఇంజన్‌లోని నూనెను బయటికి తోడేస్తుంది. అంబాసిడర్ క్రాంక్ మీద ఉలితో చేసిన మర పని, ఇక్కడ రబ్బరు తనంతట తానే తయారుచేసుకుంటోంది.

ఈ సంగతి తెలిశాక షాఫ్టు నునుపు గురించిన నియమాలు అర్థమవుతాయి. గరుకైతే రబ్బరు తెగుతుంది. అద్దంలా నునుపైతే నూనె పొర నిలవదు, రబ్బరు కాలుతుంది. సగటు గరుకు 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలని ప్రమాణం. సాన పెట్టేటప్పుడు రాయిని పక్కకు జరుపుతూ పోతే షాఫ్టు మీద కనిపించని మర గీత పడుతుంది. ఆ గీత బయటి దిక్కుకు పడితే సీలు ఎంత మంచిదైనా నూనె బయటికి నడుస్తుంది. అందుకే ఆ చోటును రాయి పక్కకు కదలకుండా సాన పెట్టాలి. నూనె కారుతోందని క్రాంక్ కొసను చేత్తో ఎమరీ కాగితం పట్టి అడ్డదిడ్డంగా రుద్దే మిస్త్రీలున్నారు. ఆ రుద్దుడు కొత్త సీలుకు శత్రువు.

ఇక సీలు మోసే భారం లెక్క చూడండి. వెనకవైపు షాఫ్టు 80 మిల్లీమీటర్లు అనుకుందాం. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే అంచు కింద ఉక్కు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. పై గేరులో కిలోమీటరుకు సుమారు 2000 చుట్లనుకుంటే, కారు లక్ష కిలోమీటర్లు నడిచేసరికి క్రాంక్ ఇరవై కోట్ల చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు పాతిక సెంటీమీటర్ల చొప్పున అంచు మీద జారిన ఉక్కు పొడవు యాభై వేల కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లే. ఇంత ప్రయాణమూ జరిగేది మిల్లీమీటరులో పదో వంతో ఐదో వంతో వెడల్పున్న ఒకే గీత మీద.

పాత సీలు తీసినప్పుడు షాఫ్టు మీద సన్నని మెరుపు గాడి కనిపిస్తుంది. మెత్తటి రబ్బరు గట్టి ఉక్కును ఎలా కోసింది? రబ్బరు కోయలేదు, రబ్బరులో ఇరుక్కున్న దుమ్ము కోసింది. మెత్తటి పదార్థంలో గట్టి పొడి దిగబడి నిలిచిపోతుంది, ఎదురుగా ఉన్న గట్టి పదార్థాన్నే అరగదీస్తుంది. రత్నాలు సాన పట్టేవారు మెత్తటి లోహపు పళ్లెంలో వజ్రపు పొడి దట్టించేది ఈ గుణాన్ని నమ్ముకునే. ఇసుక పొడి ఉక్కు కన్నా గట్టిది. ఇనుప ఖనిజం, హెమటైటు, దానికి పెద్దగా తీసిపోదు. ఉర్లా రోడ్ల మీద ఈ రెండూ ఉన్నాయి, బొగ్గు బూడిదా ఉంది. నూనె చెమర్చిన అంచు బయటివైపున ఈ పొడి ముద్దకడుతుంది. సీలు గాలి వైపు నుంచి లోపలికి లాగే పంపు అని చెప్పుకున్నాం కదా, ఆ లాగుడు తడిసిన పొడినీ అంచు కిందికి తీసుకుపోగలదు. సీలు కొద్దిగా చెమర్చడం మొదలైందంటే దాన్ని పాడుచేసే దారీ అక్కడే తెరుచుకుంటుంది. లోపలి నుంచీ ప్రమాదముంది. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని గొట్టం వదులైనా దుమ్ము సిలిండర్లోకి, అక్కడి నుంచి నూనెలోకి చేరుతుంది. నూనె మార్చే గడువు దాటిస్తే అదే నూనె సీలు అంచుకు సాన నీళ్లవుతుంది. ఇటువంటి చోట తిరిగే బండికి ఫిల్టరూ నూనే పుస్తకంలో రాసిన మామూలు గడువు కన్నా ముందే మార్చాలి. తయారీదారుల పుస్తకాల్లోనూ దుమ్ము ప్రాంతాలకు వేరే గడువు ఉంటుంది, ఆ పేజీ ఎవరూ తిప్పరు.

ఉర్లాలో ఈ తిరిగే సీలు సమస్య కార్లకే కాదు, ఊరికి అన్నం పెట్టే కార్ఖానాలకూ ఉంది. స్పాంజ్ ఐరన్ తయారయ్యేది వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టంలో. దాన్ని కిల్న్ అంటారు. రోజుకు వంద టన్నులు తీసే కిల్న్ మూడు మీటర్ల వ్యాసం, 42 మీటర్ల పొడవు ఉంటుంది. ఒక కొస నుంచి ఖనిజం, బొగ్గు, డోలమైటు పోస్తారు. లోపల వెయ్యి డిగ్రీలకు పైచిలుకు వేడిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, ఇనుము మిగులుతుంది. గొట్టం తిరుగుతుంది, రెండు కొసల్లో దాన్ని మూసే గదులు కదలవు. ఆ సందులోంచి బయటి గాలి చొరబడితే బొగ్గు హద్దు మీరి మండి, లోపలి గోడకు గట్టి రింగులు కట్టి, కిల్న్ ఆపాల్సి వస్తుంది. అందుకే అక్కడా సీలు, లోపల బయటికన్నా కాస్త ఎక్కువ ఒత్తిడి. వేగం చూస్తే నవ్వొస్తుంది. నిమిషానికి అరచుట్టు తిరిగితే అంచు నడిచేది గంటకు మూడొందల మీటర్లు కూడా కాదు. కష్టం వేగంతో కాదు, వేడితో, దుమ్ముతో, గొట్టం ఊగిసలాటతో. అంత పెద్ద గొట్టం ఎప్పుడూ సరిగ్గా గుండ్రంగా తిరగదు, కాబట్టి సీలు దానితోపాటు ఊగగలగాలి. కారు క్రాంక్ విషయంలోనూ సరిగ్గా ఇదే చిక్కు ఉంది, మిల్లీమీటర్లకు బదులు అందులో పదో వంతుల్లో. ఆ మాటకు మళ్లీ వస్తాను.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ చేసే పని మన దేశంలో మొదలైంది ఛత్తీస్‌గఢ్‌లో కాదు, పాల్వంచలో. అప్పటి ఖమ్మం జిల్లాలో, కొత్తగూడెం బొగ్గు పక్కన, స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఏడాదికి ముప్పై వేల టన్నుల కార్ఖానా నడిపి చూపింది. ఐదేళ్లకు దాన్ని రెట్టింపు చేసింది. 2010లో ఆ సంస్థ ఎన్ఎండీసీలో కలిసిపోయింది. ఆ విద్య తర్వాత విస్తరించిన చోట్లలో ఉర్లా, సిల్తరా పెద్దవి. రాయ్‌పూర్‌లోనూ భిలాయిలోనూ రైలు పనికీ ఉక్కు పనికీ వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నల్లపొడి కొత్త కాదు.

మళ్లీ కారు కిందికి వద్దాం. సీలు మార్చడం కన్నా, మార్చాల్సింది సీలేనా అని తేల్చడం కష్టమైన పని. నూనె పైనుంచి కిందికి కారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి ఇంజన్ మీది ఏ కారుడైనా చివరికి వెనక అడుగున, సరిగ్గా రేర్ సీలు ఉండేచోటే చుక్కై వేలాడుతుంది. వాల్వ్ కవర్ ప్యాకింగ్ పోయినా, కామ్‌షాఫ్ట్ సీలు పోయినా, ఆయిల్ ప్రెజర్ స్విచ్ చెమర్చినా కింద చూసేవాడికి ఒకేలా కనిపిస్తాయి. చేయవలసింది ముందు ఆ నల్ల ముద్దనంతా డీజిల్‌తోనో డీగ్రీజర్‌తోనో కడిగి ఆరబెట్టడం. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నడిపి, దుమ్ము మళ్లీ కప్పేలోపు పైనుంచి కిందికి వెతకడం. కొందరు నూనెలో మెరిసే రంగు కలిపి అతినీలలోహిత దీపంతో చూస్తారు. ఉర్లాలో అది బాగా పనికొస్తుంది, పొడి ఎంత నల్లగా ఉన్నా కొత్త నూనె పచ్చగా వెలుగుతుంది.

కారేది సీలు నుంచే అని తేలినా ఎందుకు కారుతోందన్న ప్రశ్న మిగులుతుంది. చాలా గ్యారేజీల్లో పని ఇక్కడే తప్పుతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని బ్రీదర్ గొట్టం, పీసీవీ వాల్వ్ తిరిగి ఇంజన్‌కు పీల్చే గాలిలో కలుపుతాయి. ఆ దారి మసితో పూడుకుపోతే ఇంజన్ కడుపులో ఒత్తిడి పెరుగుతుంది. క్రాంక్ సీలు ఒత్తిడిని ఆపడానికి చేసింది కాదు. కొద్దిపాటి ఒత్తిడికే అంచు విచ్చుకుని నూనె వదులుతుంది. పరీక్ష సులువు. పెట్రోలు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా నూనె పోసే మూత తీసి, ఆ నోటిమీద పలచని ప్లాస్టిక్ కాగితం పరచండి. లోపలికి పీలిస్తే అంతా బాగున్నట్టు. పైకి ఉబ్బి ఎగిరితే బ్రీదర్ పూడుకుంది, లేదా రింగులు అరిగాయి. బ్రీదర్ పూడుకున్న ఇంజన్‌కు కొత్త సీలు వేస్తే కొద్ది వారాల్లో మళ్లీ అదే చుక్క. ఐదు నిమిషాల పరీక్ష చేయనందుకు గేర్‌బాక్స్ రెండుసార్లు దించిన బండ్లు ఎన్నో.

రెండో కారణం ఇందాక కిల్న్ దగ్గర వదిలిన ఊగిసలాట. మెయిన్ బేరింగులు అరిగితే క్రాంక్ తన మధ్య గీత చుట్టూ కాక కాస్త పక్కకు ఊగుతూ తిరుగుతుంది. నిమిషానికి మూడు వేల సార్లు ఆ ఊపును వెంబడించడం రబ్బరు వల్ల కాదు. ఒక పక్క క్షణకాలం సందు పడుతుంది. అంతే. అలాంటి ఇంజన్‌లో సీలు నిర్దోషి.

ఎంత కారుతోందన్నదీ చూడాలి. నూనె సుమారు ముప్పై చుక్కలు ఒక మిల్లీలీటరు. ఇంజన్ నడుస్తున్నప్పుడు పది సెకన్లకో చుక్క పడితే గంటకు 12 మిల్లీలీటర్లు. రోజుకు రెండు గంటలు తిరిగే బండికి నెలకు ముప్పావు లీటరు దాకా పోతుంది. నూనె చాంబర్‌లో మొత్తం మూడు లీటర్లు పట్టే చిన్న కారుకు ఇది ఆటలాడే లెక్క కాదు. అలాకాక నెలలు గడిచినా డిప్‌స్టిక్ మీద గీత కదలకుండా, వట్టి తడి మాత్రమే కనిపిస్తే వెంటనే గేర్‌బాక్స్ దించనవసరం లేదు. ఎలాగూ ఒకరోజు క్లచ్ మార్చాల్సి వస్తుంది, అప్పుడు సీలూ మార్చవచ్చు. దీనికి మినహాయింపు ముందు సీలు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్లలో ఆ నూనె బెల్ట్ మీద పడి రబ్బరును ఉబ్బిస్తుంది. బెల్ట్ జారినా తెగినా చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ముందు సీలు చెమర్చిందంటే వాయిదా వేయకూడదు.

ముందు సీలు మార్చడానికి బెల్టులు, క్రాంక్ పుల్లీ, టైమింగ్ బెల్ట్, దాని పళ్ల చక్రం వరసగా తీయాలి. టైమింగ్ గుర్తులు కలిపి పెట్టుకోకుండా బెల్ట్ వదలకూడదు. పుల్లీ బోల్టు మొండిది. క్రాంక్‌ను కదలకుండా పట్టే పరికరం పెట్టి పొడుగాటి బార్‌తో విప్పాలి. పానా తగిలించి సెల్ఫ్ కొట్టి విప్పే పద్ధతి చూశాను. పానా జారితే రేడియేటరో చెయ్యో పోతుంది. పాత సీలు తీయడంలో అసలు ప్రమాదం షాఫ్టు మీద గీత పడటం. స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే షాఫ్టు మీద అడ్డంగా ఒక గీత చాలు, అది అంచు కింద కాలువవుతుంది, ఏ సీలూ దాన్ని పూడ్చలేదు. సీలు రేకులో చిన్న కన్నం వేసి, స్క్రూ బిగించి, ఆ స్క్రూను పట్టి లాగడం మేలు. కన్నం వేసేటప్పుడు డ్రిల్ కొసకు గ్రీజు రాస్తే రజను దానికే అంటుకుంటుంది.

పాత సీలు వచ్చాక షాఫ్టు తుడిచి, గోటిని పొడవునా జరపాలి. గాడి దగ్గర గోరు ఆగకపోతే ఫర్వాలేదు. ఆగితే రెండు దారులు. రంధ్రంలో చోటుంటే కొత్త సీలును పాతదాని కన్నా ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెట్టి, అంచు గాడి లేని చోట పడేలా చూడటం ఒకటి. పావు మిల్లీమీటరు మందం ఉండే ఉక్కు తొడుగు షాఫ్టు మీద ఎక్కించడం రెండోది. తొడుగు అంత పలచన కాబట్టి మామూలు కొలత సీలే దానిమీద పడుతుంది. గాడి లోతుగా ఉంటే ఇదే నమ్మకమైన పని.

కొత్త సీలు అంచుకు ఇంజన్ నూనె రాయాలి. ఎండు అంచుతో ఇంజన్ స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లోనే రబ్బరు కాలుతుంది. షాఫ్టు మీది కీవే గాడిని దాటించేటప్పుడు దాని పదును అంచును కోస్తుంది, పలచని ప్లాస్టిక్ చుట్టి దాని మీదుగా జరపాలి. సీలు బయటి చుట్టుకు సరిపోయే గొట్టం ముక్కతో, చుట్టూ సమానంగా, మెల్లగా తట్టి దింపాలి. ఒక పక్క ముందు దిగితే అంచు వాలుతుంది. సుత్తి దెబ్బ గట్టిగా పడితే వెనక స్ప్రింగు గాడి తప్పి ఇంజన్‌లోకి జారిపోతుంది. అది బయట ఉన్నవాడికి కనిపించదు, కొద్ది రోజులకు నూనె కారడం ద్వారానే తెలుస్తుంది.

వెనకవైపు పని ఇదే, చేరుకునే దారి మాత్రం పొడుగు. డ్రైవ్‌షాఫ్టులు, గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ అన్నీ దిగాక సీలు కనిపిస్తుంది. ఫ్లైవీల్ తీసిన చోట ఒక్క నిమిషం ఆగి బోల్టు కన్నాలు చూడాలి. కొన్ని ఇంజన్లలో ఆ కన్నాలు క్రాంక్ గుండా నూనె ఉండే వైపుకు తెరుచుకుంటాయి. బోల్టు మరకు సీలెంట్ రాయకుండా బిగిస్తే నూనె మర వెంట బయటికి వచ్చి, ఫ్లైవీల్ వెనక చేరి, అచ్చం సీలు కారినట్టే కనిపిస్తుంది. క్లచ్ ప్లేట్ నూనె పీల్చుకుని ఉంటే కడిగి వేయడం దండగ, వేడెక్కగానే మళ్లీ ఊరి జారుతుంది.

ఇప్పటి చాలా ఇంజన్లలో వెనక సీలు రబ్బరుది కాదు, పీటీఎఫ్ఈది. వంటింటి నాన్‌స్టిక్ పెనాల మీద ఉండే పదార్థమే ఇది. వెడల్పాటి పలచని పట్టీ, స్ప్రింగు లేదు, ప్లాస్టిక్ తొడుగు మీద వస్తుంది. రబ్బరు సీలు అలవాటైన చెయ్యి ఇక్కడ మూడు తప్పులు చేస్తుంది: తొడుగు ముందే తీసేస్తుంది, అంచును వేలితో తడిమి చూస్తుంది, నూనె రాస్తుంది. ఈ పట్టీ ఎండుగా ఎక్కాలి. నడిచేటప్పుడు దాని పదార్థం కొంచెం షాఫ్టుకు అంటి పలచని పూత అవుతుంది, నూనె రాస్తే ఆ పూత పట్టదు. బిగించాక కొన్ని గంటలు క్రాంక్ తిప్పకుండా వదలాలి, సాగిన పట్టీ మెల్లగా కుంచించుకుని షాఫ్టును పట్టేదాకా. సాయంత్రానికి బండి ఇవ్వాలని తొందరపెట్టే యజమానికి ఇది చెప్పి ఒప్పించడం మిస్త్రీకి సీలు వేయడం కన్నా కష్టం.

అన్నీ బిగించి, నూనె గీత దాకా పోసి, కొద్ది వందల కిలోమీటర్లు నడిపాక క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న కన్నంలో వేలు పెట్టి చూడండి. కొత్త అంచు కుదురుకునే మొదటి రోజుల్లో కాస్త తడి వస్తే కంగారు అక్కర్లేదు. చుక్కలు ఆగకపోతే వేలు ముక్కు దగ్గర పెట్టుకోండి. ఇంజన్ నూనె కాలిన వాసనతో పలచగా ఉంటుంది. గంధకం వాసన ముక్కుకు కొట్టి, నూనె జిగటగా ఉంటే అది గేర్ ఆయిల్, కారుతున్నది గేర్‌బాక్స్ ముందు షాఫ్టు సీలు. గేర్‌బాక్స్ దించి నేలమీద పెట్టి ఉన్నప్పుడు దాన్ని మార్చడం పావుగంట పని. ఇప్పుడు మళ్లీ మొత్తం దించాల్సిందే.